సిట్రులిన్ మాలేట్ వాడితే వెయిట్ ట్రైనింగ్‌లో నిజంగా తేడా వస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

జిమ్‌లో చేరి కొన్ని నెలలు గడిచేసరికి చాలామంది చేతికి ఏదో ఒక ప్రీ వర్కౌట్ (వ్యాయామానికి ముందు తాగే పొడి) డబ్బా వచ్చేస్తుంది. దాని వెనక రాసిన పేర్లలో కెఫీన్, బీటా అలనిన్‌ల పక్కన దాదాపు ఎప్పుడూ కనిపించేది సిట్రులిన్ మాలేట్. దీని గురించి అమ్మేవాళ్లు చెప్పేది ఒకటి, పరిశోధనల్లో తేలింది ఇంకొకటి. సిట్రులిన్ పనిచేస్తుంది, కానీ పనిచేసే చోటు చాలా చిన్నది. ఆ చోటు ఎక్కడుందో తెలియక డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్లు ఎక్కువ. అందుకే ఈ జవాబులు కాస్త వివరంగా రాస్తున్నాను.

అసలు సిట్రులిన్ అంటే ఏమిటి?

ఒక అమైనో ఆమ్లం. అయితే పప్పులో, గుడ్డులో, మాంసంలో ప్రొటీన్‌గా ఉండే 20 అమైనో ఆమ్లాల జాబితాలో ఇది లేదు. కాబట్టి సిట్రులిన్ తాగితే ప్రొటీన్ తిన్నట్టు కాదు. మన ఒంట్లో ఇది ఎక్కువగా చిన్నపేగుల్లో తయారవుతుంది. 1914లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని పుచ్చకాయ రసంలోంచి వేరుచేశారు. 1932లో హాన్స్ క్రెబ్స్, కర్ట్ హెన్సెలైట్ కలిసి యూరియా చక్రాన్ని వివరించినప్పుడు సిట్రులిన్ అసలు పని బయటపడింది. ప్రొటీన్లు విరిగినప్పుడు పుట్టే అమ్మోనియాను కాలేయం యూరియాగా మార్చి బయటికి పంపే క్రమంలో ఇదొక మెట్టు.

మాలేట్ అంటే మాలిక్ ఆమ్లం. ఆపిల్ పులుపుకు కారణం అదే. సిట్రులిన్‌ను దానితో కలిపి అమ్మేదే సిట్రులిన్ మాలేట్.

రక్తనాళాలను తెరిచేది ఆర్జినిన్ అంటారు కదా? నేరుగా అదే తీసుకోవచ్చు కదా?

అందరికీ వచ్చే సందేహమే. నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాల గోడలను వదులు చేసి రక్తం ఎక్కువగా పారేలా చేస్తుంది. ఈ సంగతి కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది. ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారయ్యేది ఆర్జినిన్ నుంచే.

చిక్కు ఎక్కడొస్తుందంటే, నోటితో తీసుకున్న ఆర్జినిన్‌లో పెద్ద భాగాన్ని పేగులూ కాలేయమూ దారిలోనే విరగ్గొట్టేస్తాయి. సిట్రులిన్‌ను కాలేయం ముట్టుకోదు. అది రక్తంలో నేరుగా మూత్రపిండాలకు చేరి, అక్కడ ఆర్జినిన్‌గా మారి మళ్లీ రక్తంలో కలుస్తుంది. అందుకే రక్తంలో ఆర్జినిన్ పెరగాలంటే ఆర్జినిన్ కన్నా సిట్రులిన్ తీసుకోవడమే మేలని పరిశోధనల్లో తేలింది. పైగా ఆర్జినిన్ 10 గ్రాములు దాటితే చాలామందికి విరేచనాలు పట్టుకుంటాయి. సిట్రులిన్ ఒకేసారి 15 గ్రాములు ఇచ్చి చూసినప్పుడు కూడా ఆరోగ్యవంతుల కడుపు తట్టుకుంది.

కండరానికి ఇది ఎలా ఉపయోగపడుతుందంటారు?

మూడు కారణాలు చెబుతారు. ఒకటి, ఇప్పుడు చెప్పిన నైట్రిక్ ఆక్సైడ్. రెండోది, బరువైన సెట్లలో పేరుకునే అమ్మోనియాను యూరియా చక్రం త్వరగా తీసేయడానికి సాయం. మూడోది, మాలేట్ కణాల్లో శక్తి తయారయ్యే చక్రంలో భాగం కాబట్టి అక్కడ కొంత ఊతం. 2002లో, అలసటగా ఉంటోందని చెప్పిన 18 మంది మగవాళ్లకు రోజుకు 6 గ్రాముల చొప్పున 15 రోజులు ఇచ్చి చూస్తే, వ్యాయామ సమయంలో ఆక్సిజన్‌తో తయారయ్యే శక్తి వేగం 34 శాతం, ఆగాక ఫాస్ఫోక్రియాటిన్ (కండరంలో తక్షణ శక్తి నిల్వ) తిరిగి నిండే వేగం 20 శాతం పెరిగాయి. కానీ అది చేతి వేళ్లతో చేసిన చిన్న వ్యాయామం. దాన్ని స్క్వాట్‌కి అన్వయించి చెప్పేవాళ్లను నేను నమ్మను.

పంప్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సెట్ తర్వాత చేతులు బిగుసుకుని, నరాలు తేలి కనిపించడం ఏ సప్లిమెంట్ లేకున్నా జరిగేదే. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లలో సిట్రులిన్ వల్ల రక్తప్రవాహం గట్టిగా పెరిగిందని చూపించిన ఆధారాలు బలహీనం. అద్దంలో కనిపించే పంప్‌ను చూసి సప్లిమెంట్ పనిచేస్తోందని నిర్ణయించకండి.

సూటిగా చెప్పండి. ఎన్ని రెప్స్ (ఒక సెట్‌లో బరువును ఎత్తి దించే సార్లు) పెరుగుతాయి?

దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. సిట్రులిన్ మాలేట్‌కి జిమ్‌లలో ఇంత పేరు రావడానికి మూలం 2010లో అచ్చయిన ఒక అధ్యయనం. 41 మంది మగవాళ్లు రెండు వేర్వేరు రోజుల్లో ఛాతీ వ్యాయామం చేశారు. ఒకరోజు 8 గ్రాముల సిట్రులిన్ మాలేట్, ఇంకోరోజు ఏమీ లేని ఉత్త పొడి. ఏ రోజు ఏది తాగారో వాళ్లకూ తెలియదు, లెక్కపెట్టినవాళ్లకూ తెలియదు. మొదటి రెండు సెట్లలో తేడా లేదు. మూడో సెట్ నుంచి మొదలై, సెట్లు పెరిగేకొద్దీ తేడా పెరిగింది. చివరి సెట్‌లో రెప్స్ దాదాపు 53 శాతం ఎక్కువ.

ఈ 53 శాతాన్నే పట్టుకుని ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేశారు. ఆ సంఖ్య దేనికి సంబంధించిందో గమనించండి. అప్పటికే ఛాతీ వ్యాయామమంతా పూర్తయి, చేతులు వణుకుతున్న సమయంలో చేసిన ఆఖరి సెట్ అది. అక్కడ 4 రెప్స్ చేసే మనిషి 6 చేస్తే 50 శాతం పెరిగినట్టే. లెక్క తప్పు కాదు, కానీ మీ బలం ఒకటిన్నర రెట్లు అయిందని దాని అర్థం కాదు.

ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలు రెండు వైపులా ఉన్నాయి. 2015లో అనుభవమున్న లిఫ్టర్ల మీద లెగ్ ప్రెస్, హ్యాక్ స్క్వాట్, లెగ్ ఎక్స్‌టెన్షన్‌తో చూస్తే రెప్స్ పెరిగాయి. 2016లో చినప్స్, పుషప్స్‌తో చూసినా పెరిగాయి. 2018లో పదేసి రెప్స్ చొప్పున పది సెట్లు చేయించే జర్మన్ వాల్యూమ్ ట్రైనింగ్‌లో మాత్రం ఏమీ తేడా రాలేదు. అదే ఏడాది బెంచ్ ప్రెస్ మీద జరిగిన ఇంకో పరిశోధనలోనూ లాభం కనిపించలేదు.

వీటన్నిటినీ కలిపి చూసినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. 2021లో 8 అధ్యయనాలను, 137 మందిని ఒకచోట చేర్చి లెక్కగడితే సగటు లాభం దాదాపు 3 రెప్స్, అంటే 6 శాతం పైచిలుకు. ఆ 3 రెప్స్ ఒక్క సెట్‌లో వచ్చేవి కావు, అలసిపోయేదాకా చేసిన సెట్లన్నీ కలిపి. అది కూడా సగటే. కొందరికి అంతకన్నా ఎక్కువ, కొందరికి సున్నా. అంతకుముందు 2019లో, బలం, పవర్ పరీక్షలున్న 12 అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు కూడా ఇలాంటి చిన్న లాభమే ఉందని తేల్చారు.

నా అభిప్రాయం అడిగితే, 6 శాతం తీసిపారేసేది కాదు. వారానికి నాలుగు రోజులు గట్టిగా, సెట్లు విఫలమయ్యేదాకా చేసేవాళ్లకు అది పనికొస్తుంది. పదో రెప్ దగ్గర ఇంకో నాలుగు రెప్స్ ఓపిక ఉండగానే బార్ ర్యాక్ మీద పెట్టేసే వాళ్లకు పైసా ఉపయోగం లేదు. అలసట దాకా వెళ్లనిదే అలసటను వెనక్కి నెట్టే పొడితో పనేముంది?

నా ఒక రెప్ మ్యాక్స్ (ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువు) పెరుగుతుందా?

పెరుగుతుందని ఆశ పెట్టుకోకండి. ఒక్క రెప్ ఎత్తడానికి కావలసింది కండర బలం, టెక్నిక్, నాడీ వ్యవస్థ సిద్ధంగా ఉండటం. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. అలాంటి లిఫ్ట్ కొన్ని సెకన్లలో అయిపోతుంది. అమ్మోనియా పేరుకునే సమయం కూడా ఉండదు. సిట్రులిన్‌కు పని దొరికేది 8 నుంచి 15 రెప్స్ చొప్పున, తక్కువ విశ్రాంతితో, వరసగా సెట్లు చేసేటప్పుడు.

కండ పెరుగుతుందా?

నేరుగా పెంచుతుందని చూపించే గట్టి ఆధారం లేదు. సెట్‌లో ఎక్కువ రెప్స్ చేస్తే నెలల తరబడి ఎక్కువ పని జరిగి కండ పెరగవచ్చన్నది ఊహ మాత్రమే. కండ కోసం డబ్బు ఖర్చుపెట్టాలనుకుంటే ముందు గుడ్లు, పాలు, పప్పు, చికెన్, శనగల మీద పెట్టండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, ఒళ్లు పెంచడానికి ప్రొటీన్ పొడులు కూడా వాడొద్దనే చెప్పింది. అసలు ప్రొటీన్ కూడా కాని సిట్రులిన్‌తో కండ వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

లెగ్ డే మర్నాడు మెట్లు దిగలేకపోతున్నాను. నొప్పులు తగ్గుతాయా?

కొంత తగ్గవచ్చు. 2010 అధ్యయనంలో 24 గంటలకూ, 48 గంటలకూ నొప్పి 40 శాతం తక్కువగా ఉందని చెప్పారు. తర్వాత కలిపి చూసిన విశ్లేషణల్లోనూ మొదటి రెండు రోజుల నొప్పిలో తగ్గుదల కనిపించింది, కానీ అంత పెద్దది కాదు. మూడో రోజుకి ఆ తేడా పోతుంది. నొప్పి తగ్గిందంటే కండరం కోలుకుందని కాదు, అది మర్చిపోవద్దు.

ఎంత తీసుకోవాలి? ఎప్పుడు?

సిట్రులిన్ మాలేట్ అయితే 6 నుంచి 8 గ్రాములు, వ్యాయామానికి 40 నుంచి 60 నిమిషాల ముందు. తాగిన గంటకు అటూఇటుగా రక్తంలో సిట్రులిన్ గరిష్ఠ స్థాయికి చేరుతుంది. డ్రెస్సింగ్ రూంలో షూస్ వేసుకుంటూ తాగితే, వార్మప్ అయిపోయి మెయిన్ సెట్లు సగం దాటేదాకా అది అందదు. ఇంట్లో బయలుదేరే ముందే పెద్ద గ్లాసుడు నీళ్లలో కలిపి తాగండి.

స్కూప్‌ను నమ్మకండి. పొడి మెత్తగా ఉందా, గట్టిగా అదిమారా అన్నదాన్ని బట్టి ఒకే స్కూప్‌లో పట్టే బరువు మారిపోతుంది. వంటింటి డిజిటల్ తూకం మీద ఒకసారి తూచి చూసుకుంటే చాలు.

నా ప్రీ వర్కౌట్‌లో సిట్రులిన్ ఆల్రెడీ ఉంది. అది సరిపోదా?

డబ్బా తిప్పి లేబుల్ చదవండి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

మొదట చూడాల్సింది, సిట్రులిన్ ఎన్ని గ్రాములో విడిగా రాశారా లేదా. కొన్నిటిలో "పంప్ బ్లెండ్ 5 గ్రాములు" అని ఒకే అంకె వేసి, కింద ఐదారు పేర్లు రాస్తారు. అందులో సిట్రులిన్ 4 గ్రాములా, అర గ్రామా అన్నది తెలిసే వీలే లేదు. అలాంటిది కొనకండి. విడిగా రాసినవాటిలో కూడా చాలాసార్లు ఒక సర్వింగ్‌కి 2, 3 గ్రాములే ఉంటుంది. పరిశోధనల్లో ఫలితం వచ్చింది 6, 8 గ్రాములతో. సరిపడా రావాలని మూడు స్కూప్‌లు వేస్తే సిట్రులిన్ సరిపోతుంది గానీ కెఫీన్ కూడా మూడింతలవుతుంది. గుండె దడ, నిద్రపట్టకపోవడం, టెన్షన్ అక్కడి నుంచే. ఈ పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

రెండోది నిష్పత్తి. "2:1" అంటే రెండు పాళ్లు సిట్రులిన్, ఒక పాలు మాలిక్ ఆమ్లం. ఆ లెక్కన 8 గ్రాముల్లో అసలు సిట్రులిన్ 5, 6 గ్రాముల మధ్య ఉంటుంది. "1:1" అయితే 4, నాలుగున్నర గ్రాములకు పడిపోతుంది. 2:1 అని రాసి ఉన్న పొడిని ల్యాబ్‌లో పరీక్షిస్తే సిట్రులిన్ అంతకన్నా తక్కువగా తేలిన సందర్భాలు పరిశోధకులకే ఎదురయ్యాయి. అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి కలవకపోవడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

మూడోది, దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, దాని కింద 14 అంకెల లైసెన్స్ నంబర్. అది లేని డబ్బా ఎంత చవకైనా, ఎంత తెలిసినవాళ్లు ఇచ్చినా వద్దు.

మాలేట్ లేకుండా ఉత్త ఎల్ సిట్రులిన్ కొంటే?

నేనైతే అదే కొంటాను. నిష్పత్తి గొడవ ఉండదు, ఎన్ని గ్రాములు వేస్తే అన్ని గ్రాములూ సిట్రులినే. వెయిట్ ట్రైనింగ్ మీద ఎక్కువ పరిశోధనలు మాలేట్‌తోనే జరిగిన మాట నిజం. కానీ మాలేట్ విడిగా ఏదో మేలు చేస్తుందని రెప్స్ లెక్కలో ఎవరూ రుజువు చేయలేదు. 5 నుంచి 6 గ్రాముల ఎల్ సిట్రులిన్, 8 గ్రాముల మాలేట్‌కు సరిసమానం.

పుచ్చకాయ తింటే సరిపోదా? డబ్బా ఎందుకు?

లెక్క వేద్దాం. పుచ్చకాయ ఎర్రటి గుజ్జులో కిలోకు దాదాపు 2 గ్రాముల సిట్రులిన్ ఉంటుంది, రకాన్ని బట్టి కొంత అటూఇటూ. 6 గ్రాములు రావాలంటే తొక్క, గింజలు పోను 3 కిలోల గుజ్జు తినాలి. ఎండాకాలంలో ఇష్టంగా తినేవాళ్లకైనా, వర్కౌట్‌కి గంట ముందు 3 కిలోలు తిని డెడ్‌లిఫ్ట్ చేయడం కుదిరే పని కాదు. అందులో చక్కెర కూడా తక్కువేం కాదు.

తొక్కలోనే సిట్రులిన్ ఎక్కువ, తొక్క జ్యూస్ తాగండి అని వాట్సాప్‌లో తిరిగే మాట సగమే నిజం. ఎండబెట్టి తూచితే తొక్కలో ఎక్కువ. పచ్చిగా తూచితే గుజ్జులోనే కాస్త ఎక్కువ, ఎందుకంటే తొక్కలో నీటి శాతం ఇంకా ఎక్కువ. మామూలుగా పుచ్చకాయ తినడం ఆరోగ్యానికి మంచిదే, తినండి. మర్నాటి నొప్పుల వరకైతే అర లీటరు జ్యూస్ కూడా కొంత పనిచేసిందని ఒక చిన్న అధ్యయనం చెబుతోంది.

రోజూ తీసుకోవాలా, వర్కౌట్ ఉన్న రోజేనా?

వర్కౌట్ ఉన్న రోజు చాలు. క్రియాటిన్ అనే మరో సప్లిమెంట్‌లా కండరంలో నిల్వ చేసుకునేది కాదు ఇది.

ఆడవాళ్లకు పనిచేస్తుందా?

2017లో వెయిట్ ట్రైనింగ్ అలవాటున్న 15 మంది మహిళలతో చేసిన అధ్యయనంలో బెంచ్ ప్రెస్, లెగ్ ప్రెస్ రెండింటిలోనూ రెప్స్ పెరిగాయి. మోతాదు 8 గ్రాములే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు మాత్రం వాడకూడదు.

సైడ్ ఎఫెక్ట్స్ ఏమిటి? ఎవరు దూరంగా ఉండాలి?

ఆరోగ్యవంతులకు సాధారణంగా వచ్చేది కడుపులో ఇబ్బంది. 2010 అధ్యయనంలో ఏడుగురిలో ఒకరు ఆ మాట చెప్పారు. మాలేట్ పులుపు ఖాళీ కడుపున ఎసిడిటీ ఉన్నవాళ్లకు పడదు. ఒక అరటిపండు తిని తాగితే సర్దుకుంటుంది.

ఇక ఈ కింది మాటలు జాగ్రత్తగా చదవండి. గుండె నొప్పికి సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు సిట్రులిన్ జోలికి వెళ్లకూడదు. సిల్డెనాఫిల్ (వయాగ్రా) రకం మాత్రలు వేసుకునేవాళ్లూ అంతే. ఇవన్నీ రక్తనాళాలను వదులు చేసేవే, కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. చేతిలో బరువుండగా కళ్లు తిరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బీపీ మాత్రలు వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి, ఆయన సరేనంటేనే వాడాలి. సిట్రులినీమియా లాంటి పుట్టుకతో వచ్చే యూరియా చక్రం లోపాలున్నవాళ్లకు ఇది ప్రమాదకరం.

పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు ఎందుకూ అక్కర్లేదు. ఆ వయసులో నిద్ర, తిండి, సరైన ఫాం ఇచ్చేంత ఫలితం ఏ డబ్బా ఇవ్వదు. తల్లిదండ్రులు అడిగినప్పుడల్లా ఇదే చెబుతాను.

క్రియాటిన్ కొనాలా, సిట్రులిన్ కొనాలా? ఒక్కదానికే డబ్బులున్నాయి.

క్రియాటిన్. రోజుకు 3 నుంచి 5 గ్రాములు. దాని మీద పరిశోధన ఎన్నో రెట్లు ఎక్కువ, బలంలోనూ కండలోనూ లాభం స్పష్టం. రెండూ కలిపి వాడినా ఇబ్బంది లేదు. బీసీఏఏ (ల్యూసిన్ లాంటి మూడు అమైనో ఆమ్లాల పొడి) మీద పెట్టే డబ్బు మాత్రం, సరిపడా ప్రొటీన్ తినేవాళ్లకు దండగ.

పోటీల్లో పాల్గొంటాను. డోప్ టెస్ట్‌లో దొరుకుతానా?

ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో సిట్రులిన్ లేదు. భయపడాల్సింది పొడిలో కలిసిపోయే ఇతర పదార్థాల గురించి. టెస్టులుండే స్థాయిలో ఆడేవాళ్లు బ్యాచ్‌ల వారీగా పరీక్ష చేయించిన ఉత్పత్తి మాత్రమే, అది కూడా ఒకే పదార్థం ఉన్నది కొనాలి. పది పేర్లున్న ప్రీ వర్కౌట్‌తో రిస్క్ పదింతలు. నమూనాలో ఏది దొరికినా బాధ్యత ఆటగాడిదే.

పొడి గడ్డకట్టింది. పారేయాలా?

మాలేట్ గాలిలో తేమను బాగా పీల్చుకుంటుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు వానాకాలంలో మూత సరిగ్గా పెట్టకపోతే వారంలో రాయి అవుతుంది. రంగు, వాసన మారకపోతే స్పూన్‌తో పొడిచి వాడుకోవచ్చు, కాకపోతే అప్పుడు స్కూప్ లెక్క అసలు పనికిరాదు, తూచాల్సిందే. డబ్బాలోని సిలికా పొట్లం తీసేయకండి, తడి స్పూన్ పెట్టకండి.

నాకు పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, అడగాల్సింది మాత్రం ఇదే. "బాగుందనిపించింది" అన్నది రుజువు కాదు. ఖరీదైనది తాగామన్న ఊపులోనే రెండు రెప్స్ ఎక్కువ వస్తాయి.

ఇంట్లోవాళ్లనో, జిమ్ ఫ్రెండ్‌నో సాయం అడగండి. ఒకేలాంటి బాటిళ్లు తీసుకుని, కొన్నిటిలో మీ మోతాదు, కొన్నిటిలో ఏమీ వేయకుండా, అన్నిటిలోనూ నిమ్మరసం, కాస్త ఉప్పు గట్టిగా కలపమనండి. మాలేట్ పులుపు దాగాలంటే నిమ్మ ఘాటుగా ఉండాలి. ఏ రోజు ఏది ఇచ్చారో వాళ్లు చీటీలో రాసుకోవాలి, మీకు చెప్పకూడదు. వ్యాయామం ఒకటే ఉండాలి, ఉదాహరణకు మీరు పది రెప్స్ చేయగలిగే బరువుతో బెంచ్ ప్రెస్, ఐదు సెట్లు, ప్రతి సెట్ ఇక లేవదన్నంత వరకు, మధ్యలో 90 సెకన్ల విశ్రాంతి, పక్కన స్పాటర్ (బరువు లేవకపోతే పట్టుకునే మనిషి). అదే సమయం, అంతే నిద్ర, అదే తిండి. ఐదు సెట్ల రెప్స్ కూడి రాయండి. ఒక్కో రకానికి కనీసం నాలుగైదు సార్లు చేశాక చీటీ తెరిచి సగటులు పోల్చండి.

చూడాల్సింది నాలుగు, ఐదు సెట్లలో వచ్చే తేడాని. మొదటి సెట్‌లోనే తేడా కనిపిస్తే అది సిట్రులిన్ కాకపోవచ్చు, ఆ రోజు మీ ఒళ్లు బాగున్నట్టు.

అలా చేసి చూశాను. రెండు రకాల రోజులకీ తేడా లేదు. మోతాదు పెంచాలా?

వద్దు. 8 గ్రాములు దాటితే రెప్స్ ఇంకా పెరుగుతాయని ఎక్కడా తేలలేదు. లేబుల్‌లో నిష్పత్తి, తాగే సమయం ఒకసారి సరిచూసుకోండి. అవి రెండూ సరిగ్గానే ఉండి ఫలితం లేకపోతే, ఈ డబ్బా అయిపోయాక మళ్లీ కొనకండి.